తలకాయ వదిలి వెళ్ళిన తాబేలు

ఉదయం ఏడు కావస్తోంది. మెట్ల మీద ఎవరో గబగబా ఎక్కుతున్న చప్పుడు వినిపించి, ఫొటోగ్రాఫరు టీ గ్లాసు కింద పెట్టి చెవి ఒగ్గాడు. అంత హడావిడిగా వచ్చిన అడుగులూ తలుపు ముందు టక్కున ఆగిపోయాయి.

"వెళ్ళి తీయండి," అంది సర్వేయరమ్మ పేపరులోంచి తల ఎత్తకుండా. "మెకానిక్ ఎవరో వచ్చారు. సంచీలో స్పానర్లు గలగలమంటున్నాయి. తట్టాలా వద్దా అని తటపటాయిస్తున్నట్టున్నారు."

ఫొటోగ్రాఫరుకి ఇలాంటివి కొత్త కాదు. అయినా ప్రతిసారీ తనే ఏదో ఘనకార్యం చేసినంత గర్వంగా ఉంటుంది. సర్వేయరమ్మ ఇరవై రెండేళ్ళు ఇన్సూరెన్సు కంపెనీలో పనిచేసింది. గుద్దుకున్న లారీలూ బోల్తాపడ్డ బస్సులూ చూసి తప్పెవరిదో తేల్చడం ఆవిడ పని. రేకు మీద గీత చూస్తే చాలు, బండి ఎటునుంచి ఎంత జోరుగా వచ్చిందో చెప్పేసేది. ఉద్యోగం మానేసి సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచినా జనం నోట్లో పాత పిలుపే నిలిచిపోయింది. ఇక అతని సంగతి: అందరి చేతుల్లోకీ కెమెరా ఫోన్లు రాగానే స్టూడియో మూతపడింది. తాళం వేస్తున్న రోజునే ఆవిడ వచ్చి, "నా దగ్గర పనుంది. పెళ్ళికూతుళ్ళని తీసినంత ఓపిగ్గా గీతల్ని తీయాలి, అంతే," అంది. ఆరేళ్ళయింది. ఆ మాట మీదే ఉన్నాడు.

తలుపు బయట యాభై దాటిన ఒకావిడ నిలబడి ఉంది. వేళ్ళ సందుల్లో నల్లటి నూనె మరకలు. భుజాన బరువైన సంచీ.

"బజారు మొదట్లో కుట్టుమిషన్లు బాగుచేస్తానండీ. అందరూ మిషనక్క అంటారు," అంది లోపలికొస్తూనే. "కూర్చోమనకండి, కూర్చుంటే లేవలేను. సాయంత్రం నాలుగింటికి మునిసిపల్ ఇంజినీరు గారొస్తున్నారు. ఈలోగా మా తమ్ముణ్ణి పోలీసులకి అప్పజెప్పేట్టున్నారు."

"ఎందుకు?"

"నా ట్యాంకు దొంగిలించాడని."

ఫొటోగ్రాఫరు నీళ్ళ ట్యాంకు అనుకున్నాడు. మిషనక్క అతని మొహం చూసి కాస్త నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"యుద్ధం ట్యాంకండీ. బొమ్మ. రిమోటుతో నడుస్తుంది. ఇంత పొడుగుంటుంది," అని మూరెడు చూపించింది. "ఊరి చివర పాత గోడౌనులో మోడల్ ట్యాంకుల క్లబ్బుంది. అందులో నేనూ మెంబర్ని."

"మొదట్నుంచీ చెప్పండి," అంది సర్వేయరమ్మ పేపరు మడిచి.

మిషనక్క చెప్పింది. ఆమె తమ్ముడు ఇప్పుడా గోడౌనుకి వాచ్‌మన్. అంతకుముందు పదేళ్ళు, రోడ్ల కింద పూడిపోయిన పైపుల్లోకి దూరి తాడు పట్టుకెళ్ళే పని చేశాడు. తాడు అవతలి కొసకి చేరితే దాంతో పూడిక లాగే గొలుసు పంపొచ్చు. తాడు చేర్చాలంటే మాత్రం మనిషి దూరాలి. రెండేళ్ళ కిందట వానాకాలంలో అలా దూరినవాడు సగంలో ఇరుక్కుపోయాడు. మూడు గంటలు. రోడ్డు తవ్వి బయటికి తీశారు.

"ఆ మూడు గంటలూ నేను రోడ్డు మీద బోర్లా పడుకుని వాడి పేరు పిలుస్తూనే ఉన్నానండీ. వాడు ఊ కొడుతూనే ఉన్నాడు. ఒక్కసారి ఊ కొట్టలేదు. ఆ ఒక్కసారి సంగతి నేనెవరికీ చెప్పలేను." ఆమె సంచీ పట్టీ సర్దుకుంది. "తర్వాత బొమ్మల షాపు అద్దంలో ఈ ట్యాంకు కనిపించింది. తాడు లాక్కెళ్ళడానికి మనిషే ఎందుకు అనిపించింది. కొనుక్కొచ్చి ఏదో గెలికాను."

"ఏం గెలికారు?"

అడగడమే తరువాయి, ఆమె భయం ఎటుపోయిందో పోయింది. నున్నటి గచ్చు మీద తప్ప నడవలేని బొమ్మ అది. మట్టిలో దింపితే ప్లాస్టిక్ చైన్లు పుటుక్కున తెగేవి. వాటి బదులు ఇనప చైన్లు వేసింది. బరువుకి గేర్ల పళ్ళు అరిగిపోతే ఇత్తడివి కోయించింది. పొట్ట రాళ్ళకి తగలకుండా చక్రాల చేతులు పొడిగించి ఒళ్ళంతా వేలెడు పైకి లేపింది. గడ్డీ బురదా పళ్ళ చక్రంలో ఇరుక్కోకుండా, కుట్టుమిషన్లో గుడ్డని ముందుకు నెట్టే ఇనప పళ్ళని పక్కన బిగించింది. చక్రం తిరుగుతుంటే అవే మడ్డి గీకేస్తాయి. రిమోటు మాట వినే రిసీవరుని మూతగట్టి డబ్బాలో పెట్టి నీళ్ళు దూరకుండా చేసింది. ముందు మిషను దీపం పెట్టింది. ఏడాదిన్నర పట్టింది. పేరు తాబేలు.

"ఇవాళ సాయంత్రం అది రోడ్డు కింద పైపులో అరవై అడుగులు తాడు లాక్కెళ్తే, ఇంక మనుషుల్ని దించేది లేదని ఇంజినీరు గారు మాటిచ్చారండీ. తెల్లారి చూస్తే తాబేలు లేదు. తాళం వేసినట్టే ఉంది. తాళంచెవి ఒక్కటే, అది మా తమ్ముడి మెళ్ళో ఉంటుంది."

"ఏమీ మిగల్లేదా?"

"తలకాయ మిగిలిందండీ. పైన ఫిరంగితో తిరుగుతుందే, అది. నిన్న సాయంత్రం బురదలో నడిపాక కడిగి, తలకాయ విప్పి బల్ల మీద ఆరబెట్టాను. ఒళ్ళు పక్కనే నేల మీద గోనెపట్టా మీద పెట్టాను. ఒళ్ళు పోయింది, తలకాయ ఉంది."

సర్వేయరమ్మ మొదటిసారి కుర్చీలో ముందుకి వంగింది. "రెంటికీ మధ్య ఎంత దూరం?"

"బారెడు."

"రిమోటు?"

"అది నా సంచీలోనే ఉంది." మిషనక్క తీసి ఇచ్చింది. నల్లటి రిమోటు, పట్టీ కొక్కేనికి నీలం దారం. సర్వేయరమ్మ దాన్ని తిప్పి చూసింది. దారం ముడి కొసలు రెండూ పొడుగ్గా వేలాడుతున్నాయి. సంచీ జిప్పుకీ అలాంటి నీలం దారమే కట్టి ఉంది. దాని కొసలు మాత్రం ముడి మొదటికంటా కత్తిరించి ఉన్నాయి. ఫొటోగ్రాఫరు అడక్కుండానే రెండూ ఫొటో తీశాడు. ఆవిడ చూపు ఎక్కడ ఆగితే అక్కడ కెమెరా ఆగాలని ఆరేళ్ళలో నేర్చుకున్నాడు.

"నిన్న రాత్రి నుంచి దీన్ని వాడారా?"

"ట్యాంకే లేకపోతే దేనికి వాడనండీ? నిన్న తాళం వేసే ముందు చార్జి చేసిన బ్యాటరీ వేసి, ఒకసారి నడిపి చూసి, రెంటి స్విచ్‌లూ కట్టేశాను. తర్వాత చేతులు కడుక్కుని వచ్చి రిమోటు సంచీలో వేసుకున్నాను."

"చేతులు కడుక్కుంటున్నప్పుడు రిమోటు ఎక్కడుంది?"

"బల్ల మీద. రెండు నిమిషాలు."

సర్వేయరమ్మ రిమోటు తిరిగిచ్చేసింది. "స్విచ్ వేయకండి. చేతిలోంచి వదలకండి. దేవుడొచ్చి అడిగినా ఇవ్వకండి. పదండి."

గోడౌను పొడుగాటి రేకుల షెడ్డు. ముందు గేటు, గేటు పక్కన వాచ్‌మన్ కుర్చీ. లోపల ఒకవైపు మెరిసే బల్లల మీద అద్దాల పెట్టెల్లో ట్యాంకులు కొలువుతీరి ఉన్నాయి. ఇంకోవైపు, వెనకగోడ దగ్గర, బురద ట్యాంకులు కడిగే చోటు. దాని చుట్టూ మూడంగుళాల సిమెంటు గట్టు. గోడ అడుగున నీళ్ళు పోయే తూము. దానిపైన ఊచల కిటికీ. కిటికీ అవతల సందు.

తమ్ముడు మెడలోంచి తాళంచెవి తీసి చూపించాడు. నలభై ఏళ్ళుంటాయి. మాట్లాడుతుంటే ఎడమ భుజం కాస్త పైకి లేస్తోంది. పైపులో ఇరుక్కున్నప్పటిదని ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

"ఆరున్నరకి తాళం వేశానండీ. పదింటిదాకా గేటు దగ్గరే కూర్చున్నాను. గేటులోంచి పిల్లి కూడా పోలేదు."

"వెనక సందులోకి వెళ్ళావా?"

"లేదండీ. పొద్దున్న వెళ్ళాను. తూముకి ఎలకలు రాకుండా బయటనుంచి ఇటుక అడ్డం పెడతాను. అది పక్కన పడుంది. కుక్కేదో తోసుంటుందనుకున్నా."

సర్వేయరమ్మ టేపు తీసి తూము కొలిచింది. వెడల్పు పన్నెండంగుళాలు, ఎత్తు ఆరు. "తాబేలు ఎత్తెంత అమ్మా?"

"తలకాయతో తొమ్మిదండీ. లేకపోతే ఐదు."

ఆవిడ టేపు చుట్టేసింది. మోకాళ్ళ మీద కూర్చుని సిమెంటు గట్టు అంచు వెంట వేలు నడిపింది. ఒకచోట ఆగింది. ఫొటోగ్రాఫరు వంగి చూశాడు. గట్టు అంచు మీద తెల్లగా, కొత్తగా, రెండు చోట్ల గీతల గుంపు. రెంటికీ మధ్య ఏడంగుళాలు. అతను దీపం వాలుగా పెట్టి నాలుగు ఫొటోలు తీశాడు.

అప్పటికి క్లబ్బు ప్రెసిడెంటు వచ్చాడు. రిటైరైన చరిత్ర మాస్టారు, ఇస్త్రీ మడత నలగని చొక్కా. అద్దాల పెట్టెల్లోని ట్యాంకుల్లో సగం ఆయనవే. అన్నిటికన్నా పెద్దది నడుమ బల్ల మీద ఉంది. ఒక్కో మేకూ అసలు ట్యాంకులో ఎక్కడుందో అక్కడే ఉంటుందని, ఆ ట్యాంకు ఒక్కసారి కూడా నేల మీద నడవలేదని, ఆయనే గర్వంగా చెప్పాడు.

"డిటెక్టివులదాకా ఎందుకమ్మా," అన్నాడు మిషనక్కతో, నొచ్చుకుంటున్నట్టుగా. "ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. తాళంచెవి ఒక్కడి దగ్గరే ఉంటే ఇంక వెతికేదేముంది? మీ తమ్ముడి చేత ఒప్పించు, చల్లగా సర్దేద్దాం. ఆ రిమోటు ఇటిచ్చెయ్, క్లబ్బు బీరువాలో భద్రంగా పెడతాను. పారేసుకుంటావు."

"వద్దండీ, నా దగ్గరే ఉండనివ్వండి," అంది మిషనక్క.

"నిన్న తాళం వేసేటప్పుడు మీరు ఇక్కడే ఉన్నారా?" అడిగింది సర్వేయరమ్మ.

"ఉన్నాను. రోజూ లైట్లు ఆర్పేది నేనే. మా మెంబర్లు పళ్ళ డాక్టరున్నాడు, బొమ్మల షాపాయనున్నాడు. కలిసే బయటికొచ్చాం."

"సాయంత్రం పరీక్ష మీకిష్టమేనా?"

ప్రెసిడెంటు చొక్కా చేతులు సర్దుకున్నాడు. "ఎవరిష్టం వాళ్ళది. ఈ క్లబ్బుకి ఇరవై ఏళ్ళ పరువుంది. నాలుగు దేశాల నుంచి వచ్చి చూసి వెళ్ళారు. రేపటినుంచి మమ్మల్ని మురిక్కాలవ క్లబ్బు అంటారు, అంతకంటే ఏమీ లేదు."

పళ్ళ డాక్టరు ఆసుపత్రి గోడౌనుకి నాలుగిళ్ళ అవతల. చేతి తొడుగులు విప్పుతూనే మాట్లాడాడు. అతని ట్యాంకూ బయట మట్టిలో నడిచేదే. కాకపోతే చైన్లు రబ్బరువి. పోయిన నెల పందెంలో తాబేలు కంటే వెనకబడిపోయాడు.

"ఓడిపోయానని కోపమా అంటే, కోపమే," అన్నాడు. "ఆవిడ కోయించిన గేర్లు చూశాక రెండ్రోజులు ఎవరి పళ్ళూ సరిగ్గా పీకలేదు నేను. కానీ దొంగిలించి ఏం చేసుకుంటాను? ఊళ్ళో అలాంటిది ఒక్కటే ఉంది. నడిపితే దొరికిపోతాను."

"మీ రిమోటు చూడొచ్చా?"

"వేలితో నెట్టే పుల్ల విరిగింది. ఇంట్లో ఉంది. మిషనక్కకి ఎలాగూ పనిలేదు కదా, ఆవిడది అమ్ముతుందేమో కనుక్కోండి."

మెట్లు దిగుతూ ఫొటోగ్రాఫరు గొంతు తగ్గించాడు. "ఇద్దరికీ ఆ రిమోటు కావాలండీ."

"అవును. ఒకాయన కొంటానన్నాడు, ఒకాయన దాస్తానన్నాడు," అంది సర్వేయరమ్మ. నడక చురుకైంది. అలా నడిచిందంటే ఆవిడకి విషయం అందినట్టే. అడిగితే చెప్పదని అతనికి తెలుసు, అడగలేదు.

బొమ్మల షాపాయన లావుపాటి మనిషి. నవ్వితే కౌంటరు కూడా కదులుతుంది. రిమోటు సంగతి అడగ్గానే అరలోంచి ఒకటి తీసి పెట్టాడు.

"క్లబ్బంతా ఇదే రకమండీ. ఒకే పెట్టెలో వచ్చాయి. కవల పిల్లల్లా ఉంటాయి, అమ్మకే గుర్తు తెలీదు. అందుకే తలో గుర్తూ పెట్టుకుంటారు. మిషనక్క దారం కట్టింది."

"ఒక రిమోటుతో ఇంకొకరి ట్యాంకు నడుస్తుందా?"

"చస్తే నడవదు. జత కట్టేది నేనే. పెళ్ళిలాంటిది అనుకోండి. జత మార్చాలంటే ట్యాంకు పొట్ట విప్పి రిసీవరు మీద బొత్తాం నొక్కాలి. మిషనక్క రిసీవరైతే డబ్బాలో మూసి చుట్టూ బంక పోసింది. అది కోసి తీయడానికే నాకు అరపూట పడుతుంది."

"ఎంత దూరం నుంచి పనిచేస్తుంది?"

"వంద అడుగులు ధారాళంగా."

సర్వేయరమ్మ రిమోటు ఆయనకిచ్చేసింది. "ఒంటిగంటకి గోడౌనుకి రండి. చార్జి చేసిన బ్యాటరీలు రెండు పట్టుకు రండి."

ఒంటిగంటకి అందరూ చేరారు. తమ్ముడు తలుపు దగ్గర నిలబడ్డాడు. ఎవరూ కూర్చోమనలేదు. సర్వేయరమ్మ అది గమనించి, ఒక కుర్చీ తనే లాగి అతన్ని కూర్చోబెట్టింది. అప్పుడు మొదలుపెట్టింది.

"నేను ఇన్నేళ్ళు బళ్ళు చూశాను. దొంగ ఏం తీసుకెళ్ళాడన్నది అందరూ చూస్తారు. ఏం వదిలేశాడన్నది చూడాలి. ఈ దొంగ తాళం తీసి తలుపులోంచి వచ్చినవాడే అయితే, బారెడు దూరంలో తలకాయ ఉంది. చెయ్యి చాపితే అందుతుంది. తలకాయ లేని ట్యాంకు ఎవరికి కావాలి? అయినా వదిలేశాడు. ఎందుకు? చెయ్యి చాపడానికి అతను లోపల లేడు కాబట్టి."

పళ్ళ డాక్టరు కుర్చీలో ముందుకి జరిగాడు.

"తాబేలుని ఎవరూ ఎత్తుకెళ్ళలేదు. అదే నడిచి వెళ్ళింది. తలకాయ ఉంటే తొమ్మిదంగుళాలు, తూములో పట్టదు. తీస్తే ఐదు, పడుతుంది. దారిలో మూడంగుళాల గట్టుంది. ప్లాస్టిక్ చైన్లకి జారుతుంది, రబ్బరు చైన్లకి గీత పడదు. ఇనప చైన్లు పట్టుకుని ఎక్కాయి. ఎక్కిన చోట రెండు చోట్ల గాట్లు పడ్డాయి. మధ్య ఏడంగుళాలు. మీ తాబేలు చైన్ల మధ్య దూరం ఎంతమ్మా?"

"ఏడండీ," అంది మిషనక్క. "ఆ గట్టు ఎక్కేసిందా అయితే?"

"ఎక్కేసింది. దొంగ సందులో కిటికీ దగ్గర నిలబడి, ముందే తూముకున్న ఇటుక తీసేసి, తాబేలు దీపం వెలిగించుకుని నడిపాడు. వాచ్‌మన్ ముందు గేటు దగ్గరున్నాడు. అతనికి కనిపించదు."

"రిమోటు మిషనక్క దగ్గరుందిగా," అన్నాడు ప్రెసిడెంటు.

"ఒక రిమోటుంది," అంది సర్వేయరమ్మ. "ఆవిడదేనా అని ఎవరూ అడగలేదు. నిన్న ట్యాంకు నడిపి చూశాక ఆవిడ రెండు నిమిషాలు రిమోటు బల్ల మీద వదిలింది. తీసేస్తే వెంటనే తెలుస్తుంది. అందుకని తీసినవాడు తనది అక్కడ పెట్టాడు. దారం కోసి, ఒక చుట్టు తక్కువేసి దీనికి కట్టాడు. తాబేలు స్విచ్ కూడా అప్పుడే వేసి ఉంచాడు. కానీ అమ్మా, మీ సంచీకి కట్టిన ముడి చూడండి, దీని ముడి చూడండి."

మిషనక్క రిమోటు కళ్ళ దగ్గరికి తెచ్చుకుంది. మొదటిసారి దాన్ని నిజంగా చూస్తున్నట్టు చూసింది. "ఇది నా ముడి కాదు. నేను కొసలు వదలను. మిషనులో చిక్కుకుంటాయి."

"దొంగ దీన్ని మళ్ళీ మార్చేద్దామనుకున్నాడు. ఈవిడ తెల్లారినప్పటినుంచీ సంచీ వదల్లేదు. కుదరలేదు. అంటే ఈ రిమోటు దొంగదే. దీని జత ట్యాంకు ఎవరిదో అదే చెప్తుంది. అందరూ ట్యాంకుల స్విచ్‌లు వేయండి."

షాపాయన తన నమూనా ట్యాంకు నేల మీద పెట్టి స్విచ్ వేశాడు. డాక్టరు తనది పెట్టాడు. ప్రెసిడెంటు కదల్లేదు.

"నాది ప్రదర్శన కోసం. అందులో చార్జి లేదు," అన్నాడు.

"షాపాయన రెండు బ్యాటరీలు తెచ్చాడు," అంది సర్వేయరమ్మ మెల్లగా.

షాపాయన అద్దాల పెట్టె తెరిచి, బ్యాటరీ బిగించి, స్విచ్ వేసి వెనక్కి తగ్గాడు. "ఇప్పుడు వేయండమ్మా," అంది సర్వేయరమ్మ. మిషనక్క రిమోటు స్విచ్ నొక్కింది.

నమూనా ట్యాంకు కదల్లేదు. డాక్టరు ట్యాంకు కదల్లేదు. నడుమ బల్ల మీద, ఒక్కసారీ నేల ఎరగని ట్యాంకు గుర్రుమంది. దాని ఇంజను చప్పుడు ఆ రేకుల షెడ్డంతా నిండింది. మిషనక్క పుల్ల వేలితో కాస్త నెట్టింది. ప్లాస్టిక్ చైన్లు మెరుగు బల్ల మీద సర్రున జారి, ట్యాంకు జానెడు ముందుకొచ్చి ఆగింది.

ఫొటోగ్రాఫరు ఫొటో తీయడం మరిచిపోయాడు. ఆరేళ్ళలో మొదటిసారి.

ప్రెసిడెంటు ఆ ట్యాంకు వైపు చూశాడు. తర్వాత కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా లోపల మనిషి ఒక్కసారిగా చిన్నవాడైపోయినట్టనిపించింది.

"ఇవాళ ఒక్కరోజు కనపడకుండా చేద్దామనుకున్నాను. పరీక్ష అయిపోతే ఎక్కడో దొరికినట్టు తెచ్చి ఇచ్చేవాణ్ణి," అన్నాడు. "నిజం చెప్పాలంటే అంతకంటే పాపమే తలపెట్టాను. లోపల ఒక్క వైరు కత్తిరిస్తే చాలనుకుని ఇంటికెళ్ళి పొట్ట విప్పాను."

మిషనక్క లేచి నిలబడింది. "కత్తిరించారా?"

"లేదమ్మా. కత్తెర చేతిలో పట్టుకునే కూర్చున్నాను. ఒక్కో మర కిందా తోలు వాషరేశావు. ఒక్కో వైరుకీ దారం చుట్టావు. లోపల రేకుల అంచులు, ఎవడూ ఎప్పుడూ చూడని చోట, వేలు తెగకుండా ఆకురాయితో నున్నగా రాశావు. రేపు ఎవడో బాగుచేయడానికి విప్పితే వాడి చెయ్యి తెగకూడదని కదూ?"

తమ్ముడు తల వంచుకున్నాడు.

"ముప్పై ఏళ్ళుగా ట్యాంకులు చేస్తున్నాను. పైకి కనిపించేది తప్ప ఏదీ నున్నగా చేయలేదు. నా గర్వమంతా ఎంత పలచటి రంగో నాకప్పుడు తెలిసింది. బిగించి, తుడిచి, మా ఇంటి బీరువాలో పెట్టాను. పొద్దున తెచ్చి ఇచ్చేయాల్సింది. మొహం చెల్లలేదు."

"మొహం చెల్లలేదు కానీ, మా తమ్ముణ్ణి దొంగనడానికి నోరొచ్చింది," అంది మిషనక్క. అరవలేదు. అంత నెమ్మదిగా అన్నందుకే ఆ మాట అందరికీ తగిలింది.

ప్రెసిడెంటు లేచి, తలుపు దగ్గర కుర్చీలో ఉన్న తమ్ముడి ముందుకెళ్ళి చేతులు జోడించాడు. "తప్పయిపోయింది నాయనా. నీ ఎదురుగా, అందరి ఎదురుగా చెప్తున్నాను. ఇంటి దొంగని నేనే."

తమ్ముడు గాభరాగా లేచి ఆయన చేతులు పట్టుకుని కిందికి దించాడు. "పదండి, టైమైపోతోంది, తెచ్చుకుందాం," అన్నాడు.

"పోలీసుల సంగతి?" అడిగాడు షాపాయన.

"అది ఆవిడ ఇష్టం," అంది సర్వేయరమ్మ.

"పోలీసులొద్దు," అంది మిషనక్క. "నాలుక్కల్లా తలకాయ బిగించాలి. ఎవరికైనా సన్న మరలు తిప్పడం వచ్చా?"

పళ్ళ డాక్టరు చొక్కా చేతులు మడిచాడు.

రోడ్డు దగ్గరికి సగం బజారు కదిలొచ్చింది. పైపు నోరు మూరెడు వెడల్పు. లోపల చీలమండ లోతు బురదనీళ్ళు. ఇంజినీరు గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు. తమ్ముడు రోడ్డు దాటి అవతలి నోటి దగ్గరికి వెళ్ళిపోయాడు. అక్కడే ఉంటానని పట్టుపట్టాడు. సర్వేయరమ్మ ఫొటోగ్రాఫరుని కూడా అటే పంపింది.

ఇవతల ఏం జరిగిందో అతను చూడలేదు, విన్నాడంతే. ఇంజను చప్పుడు పైపులోకి దూరింది. చాలాసేపు సన్నగా వినిపించింది. తర్వాత ఆగిపోయింది. తమ్ముడు మోకాళ్ళ మీద కూర్చుని పైపులో తల పెట్టాడు. "అక్కడ పూడిక ఎక్కువ," అన్నాడు పీలగా. "నేనిరుక్కున్న చోటది." అతని ఎడమ భుజం అదురుతోంది. ఫొటోగ్రాఫరు ఏమీ ఆలోచించకుండా ఆ భుజం మీద చెయ్యి వేశాడు.

చప్పుడు మళ్ళీ మొదలైంది. వెనక్కి పోతున్నట్టు, పక్కకి తిరిగినట్టు, మళ్ళీ ముందుకి. చీకట్లో పసుప్పచ్చ చుక్క కనిపించింది. అది పెద్దదవుతూ, బురద గీక్కుంటూ, ఊగుతూ, ఫిరంగి మీద గడ్డి వేలాడేసుకుని, తాబేలు వెలుతురులోకి వచ్చింది. నడుముకి తాడు.

తమ్ముడు తాడు విప్పి పట్టుకున్నాడు. పైపులో మొహం పెట్టి, "వచ్చేసిందక్కా," అని పిలిచాడు. అరవై అడుగుల అవతల నుంచి, "ఊ," అని వినిపించింది.

ఇంజినీరు రోడ్డు దాటి వచ్చి తాబేలు ముందు వంగి కూర్చున్నాడు. మడ్డి గీకే పళ్ళని వేలితో తాకి చూశాడు. "ఎవరు చేశారిది?" అని అడిగాడు. జనం మిషనక్కకి దారిచ్చారు. ప్రెసిడెంటు అందరికన్నా ముందు పక్కకి జరిగాడు.

"నేనే చేశానండీ," అంది మిషనక్క. ఏదో గెలికానని అనలేదు. "ప్రతి మరా నేనే బిగించాను. ఇంకా మూడు చేయగలను. నడిపేవాడు మాత్రం మా తమ్ముడు. పైపు లోపల ఏ వంపు ఎక్కడుందో వాడికి తెలిసినంత ఇంకెవరికీ తెలీదు."

ఇంజినీరు తమ్ముడి వైపు చూశాడు. "రేపు ఆఫీసుకి రండి. ఇద్దరూ," అన్నాడు.

సర్వేయరమ్మ రోడ్డు పక్క రాయి మీద కూర్చుని చెప్పుల్లో మట్టి దులుపుకుంటోంది. "ఫొటో తీశారా?" అని అడిగింది. తీశాడు. అన్నీ బాగానే వచ్చాయి. ఒక్కటి మాత్రం కాస్త అదిరింది. అయినా అతను దాన్ని చెరిపేయలేదు.

మిషనక్క తన రిమోటు తమ్ముడి ముందుకి చాపింది. అతను రెండు చేతులూ చొక్కాకి తుడుచుకుని అందుకున్నాడు. తాబేలుని వెనక్కి తిప్పి, మళ్ళీ అదే పైపులోకి నడిపించాడు.